ఏడో పరుపు

ఒసాకా తూర్పు శివారులో, రేకుల షెడ్ల సందులో, ఏడుగురం పనిచేసే లేత్ షాపు మాది. నా పేరు కుసుమొతొ. షాపు తరఫున ఎక్కడికి వెళ్ళినా టికెట్లు, గదులు, తిండి చూసే పని నాది. ఆ పని ఎవరూ నాకు అంటగట్టలేదు, నేనే తగుదునమ్మా అని తలకెత్తుకున్నాను. ఇప్పుడు చెప్పబోయేది కూడా నన్నెవరూ మెడపట్టి చేయించలేదు. అది ముందే ఒప్పుకుంటున్నాను.

రెండేళ్ళ కిందట ఒక పెద్ద కంపెనీ మాకు చిన్న పని ఇచ్చింది. రాకెట్‌లో ఇంధనం వెళ్ళే దారిలో పెట్టే ఉంగరాలు, బొటనవేలి గోరంతవి, నలభై ఎనిమిది. వాటిని లేత్ మీద తిప్పింది తొకునొ గారు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, చేతికంటే నోరు చురుకు. కానీ ఆ ఉంగరాలు వెనక్కి తిరిగి రాకుండా చూసింది ఉకాయ్ ఫుమియె గారు. అంచు మీద కంటికి ఆనని గరుకు మిగిలినా ముక్కను తిప్పి పంపేస్తారు. ఆవిడ దీపం కింద భూతద్దం పెట్టుకుని, ఒక్కో ఉంగరానికీ సన్నటి రాయితో గరుకు తీసి, చివరికి చిటికెనవేలి గోటితో చుట్టూ తడిమేది. గోటికి తగిలితే మళ్ళీ మొదలు. నలభై ఎనిమిదింటిలో ఒక్కటీ వెనక్కి రాలేదు.

ఆ ఉంగరాలున్న రాకెట్ నవంబరులో తనెగషిమా దీవి నుంచి లేస్తుందని తెలిసిన రోజు మా ఓనరు హత్తా గారు యంత్రాలన్నీ ఆపించాడు. "షాపు మూసేద్దాం! అందరం పోదాం. జన్మలో ఒక్కసారి!" అన్నాడు. ఉకాయ్ గారు మెల్లగా చప్పట్లు కొట్టింది. ఆవిడ అలా పైకి సంతోషం చూపించడం పదేళ్ళలో నేను చూడలేదు. మర్నాడు భోజనాల వేళ కొత్త తెల్ల టోపీ తెచ్చి, "ఎండగా ఉంటుందేమో కదండీ?" అని నన్నడిగింది.

రాకెట్ లేస్తుందంటే ఆ దీవిలో కోళ్ళగూడు కూడా ఖాళీ ఉండదు. పదహారు బసలకి ఫోన్ చేస్తే పదహారూ లేవన్నాయి. పదిహేడోచోట ఎత్తినావిడ, "ఏడుగురా? పెద్ద గదిలో ఐదు పరుపులు, చిన్న గదిలో రెండు. చేపల పులుసు నేను ఎలా చేస్తే అలా తినాలి, సరేనా?" అంది. సరేనని నేను ఫోన్‌కే వంగి దండం పెట్టాను. చిన్న గది ఓనరు గారి భార్యకీ ఉకాయ్ గారికీ అనుకున్నాను. అలవాటు ప్రకారం యాత్ర పుస్తకం అచ్చు వేశాను. ఎనిమిది పేజీలు, ఏ నిమిషానికి ఎక్కడుండాలో, ఎవరి పరుపు ఎక్కడో అన్నీ అందులోనే. తెచ్చుకోవలసినవాటిలో గొడుగు అని రాస్తే తొకునొ గారు కొట్టేయించాడు. రాస్తే వాన పిలిచినట్టే అన్నాడు.

అదే పూట పేర్ల జాబితా కూడా చూశాడు.

"ఏమోయ్, వానావిడ కూడా వస్తోందా?"

మా షాపులో అది పాత పరిహాసం. పని పలచబడే జూన్ నెలలో ఏటా ఒకరోజు షికారు పెట్టుకుంటాం. ఉకాయ్ గారు చేరిన ఏడాది వాన. మరుసటేడు వాన. మూడో ఏడు తడిసి ముద్దై బస్సెక్కుతుంటే తొకునొ గారు ఆ పేరు పెట్టాడు. ఆవిడ జ్వరమొచ్చి రాని ఏడాది ఎండ కాసింది. ఇంకేముంది, పేరు స్థిరపడిపోయింది. ఆవిడా నవ్వేది, మేమూ నవ్వేవాళ్ళం. మా దేశంలో ప్రతిచోటా, వెంట వాన తెచ్చే మనిషని ఒకరిని అంటూనే ఉంటారు కాబట్టి అది నొప్పించే మాటని కూడా అనిపించేది కాదు.

"ఆవిడ అడుగు పెట్టిందంటే ఆ రాకెట్ కింద పుట్టగొడుగులు మొలుస్తాయి, చూస్కో," అన్నాడు తొకునొ గారు. అందరూ విరగబడి నవ్వారు. ఆ సమయానికి ఉకాయ్ గారు బయట టీ కప్పులు కడుగుతోంది.

సాయంత్రం ఓనరు నన్ను పక్కకి పిలిచాడు. "నవ్వులాటేలే. కానీ కుసుమొతొ, మళ్ళీ మళ్ళీ రాదు కదా ఇలాంటిది. ఏదో నువ్వే చూడు."

మా దగ్గర నువ్వే చూడు అన్నారంటే ఏం చెయ్యాలో చెప్పేసినట్టే. చెయ్యననాలంటే అప్పుడే అనాలి. నేను అనలేదు. నిజం చెప్పాలంటే నాకూ భయం పట్టుకుంది. మూడేళ్ళు వరసగా తడిసినవాణ్ణి, నవ్వుతూ నవ్వుతూనే నమ్మేశాను.

మర్నాడు ఆవిడ బల్ల దగ్గరికి వెళ్ళాను. "ఉకాయ్ గారూ, ఒక ఇబ్బంది వచ్చింది. బసలో ఆరుగురికే చోటుందట."

ఆవిడ భూతద్దం తీసింది. "అలాగా. ఆరుగురికే అంటే ఏం చేస్తారు మీరు మాత్రం. మీకే ఎంత తలనొప్పో."

"చాలాచోట్ల అడిగానండి."

"అడిగుంటారు, నాకు తెలుసు. మీరు చూసొచ్చి చెప్పండి. నేను చూసినట్టే."

నాకు తలనొప్పి లేదు. ఇంటికెళ్ళి కడుపునిండా తిని పడుకున్నాను కూడా. ఆరు పేర్లతో పుస్తకం మళ్ళీ అచ్చు వేసి, పాతవాటిని మా అలవాటు ప్రకారం నాలుగు ముక్కలు కోసి, వెనక తెల్లవైపు రాసుకోవడానికి చీటీల కట్టలు చేసి అందరి బల్లల మీదా పెట్టాను. వృథా చెయ్యడం మా షాపులో పాపం. అబద్ధం చెప్పడం గురించి అంత కట్టుదిట్టమైన నియమం లేదు.

బయల్దేరేముందు రోజు ఉకాయ్ గారు వాన ఆగడానికి కిటికీకి కట్టే బొమ్మ చేసి ఇచ్చింది. ఉంగరాలు తుడిచే తెల్ల గుడ్డతోనే చేసింది. ముఖం గియ్యలేదు. ఎండ వచ్చాకే గియ్యాలి కదా. "నేను రావట్లేదు కాబట్టి దీనితో పని పడదు. అయినా ఉంచండి," అంది.

దీవికి చేరేసరికి సాయంత్రమైంది. బసావిడ చిన్న గదిలో రెండు పరుపులూ పరిచేసింది. ఒకరు తగ్గారని చెప్పడానికి నాకు నోరు రాక, ఏడుగురికీ అలాగే ఉంచేశాను. ఓనరు గారి భార్య ఆ ఖాళీ పరుపు వైపు చూసి, "ఇక్కడ చోటుంది కదా కుసుమొతొ?" అంది. నేను బొమ్మను కిటికీకి కడుతూ వినపడనట్టు ఊరుకున్నాను.

తెల్లారేసరికి వాన. పులుసు తింటుంటే ప్రయోగం రేపటికి వాయిదా అని చెప్పారు. తొకునొ గారు, "చూశారా, ఆవిడ లేకపోయినా ఆవిడ వాసన తగిలింది. ఆ బొమ్మ ఇచ్చిందిగా!" అన్నాడు. మళ్ళీ నవ్వులు. నేనూ నవ్వాను.

తిరుగు పడవ టికెట్లు ఒకరోజు తర్వాతకి మార్పించాలి. బసావిడ కారు తీసుకుని ఉత్తరాన ఉన్న రేవుకి గంట ప్రయాణం చేసి వెళ్ళాను. టికెట్ల కిటికీ ముందు వరసలో, వానకోటు వేసుకుని, తెల్ల టోపీ చేత్తో పట్టుకుని ఉకాయ్ గారు నిలబడి ఉంది.

"ఉకాయ్ గారూ!"

దొంగతనం చేస్తూ పట్టుబడ్డ మనిషిలా ఉలిక్కిపడింది. "అయ్యో, మీరా. క్షమించండి. మీ ఎవరి కంటా పడకుండా వెళ్ళిపోదామనే చూశాను."

"ఎప్పుడొచ్చారు?"

"నిన్న, మీ తర్వాతి పడవలో. టాక్సీ ఆయన వాళ్ళ చెల్లెలింట్లో చోటిప్పించాడు. ఉత్తరం చివర ఉంటే మీకేం ఇబ్బంది ఉండదులే అనుకున్నానండి. ఇంత దూరం నుంచైనా మంట కనిపిస్తుందన్నారు. అది కనిపిస్తే చాలు." ఆకాశం వైపు చెయ్యి చూపించి, నవ్వబోయి మానేసింది. "ఇదిగో, చూశారుగా. అందరి సెలవూ పాడుచేశాను. నేను వెళ్ళిపోతే రేపటికి విడుస్తుందిలెండి. ఈ పదిన్నర పడవేనా అవతలి ఒడ్డుకి, కగోషిమాకి? సరిగ్గానే రాసుకున్నానా?"

చీటీ నా చేతిలో పెట్టింది. పెన్సిలుతో పడవల వేళలు రాసుకుంది. వెనక్కి తిప్పాను. నా అచ్చే, మొదటి యాత్ర పుస్తకం ముక్క. చిన్న గది, కిటికీ పక్క పరుపు, ఉకాయ్. పక్కనే మొత్తం ఏడుగురు అని కూడా ఉంది.

నా చెవులు కాలిపోయాయి. రేవులో అంతమంది ఉండగా నేలలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

"అదా," అందావిడ, నన్ను ఓదారుస్తున్నట్టు. "నా బల్ల మీద కట్టలో వచ్చింది. మీరేం అనుకోకండి. చోటు లేదని చెప్పడం మీ మంచితనం. వాన సంగతి ఎత్తి ఉంటే నాకు ఇంకా కష్టంగా ఉండేది."

రండి, వెనక్కి పోదాం, మీ పరుపు అక్కడే పరిచి ఉంది అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. అయితే అనేముందు నేను తలెత్తి ఆకాశం వైపు చూశాను. ఒక్క క్షణమే. మబ్బు ఎంత దట్టంగా ఉందో, రేపటికి విడుస్తుందో లేదో లెక్కేసుకున్నాను. ఆవిడ నా చూపు చూసింది.

"పదిన్నరదే కదండీ?" అని మళ్ళీ అడిగింది.

"అవునండి. పదిన్నరదే," అన్నాను.

వంగి నమస్కరించి పడవెక్కింది. నేను ఆరుగురి టికెట్లు మార్పించుకుని వెనక్కి వచ్చాను. ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు ఆకాశం కడిగినట్టుంది. కొండ మీద వందలమంది, పిల్లలు, పెద్ద పెద్ద కెమెరాలు. రాకెట్ లేచింది. ముందు వెలుగు వచ్చింది, తర్వాత చాలాసేపటికి చప్పుడు వచ్చింది, అది చెవులకంటే ముందు పొట్టలో తగిలింది. తొకునొ గారు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ మంటలో ఎక్కడో ఉన్న ఉంగరం చుట్టూ ఆవిడ గోరు తిరిగిందన్న ఒక్క సంగతి తప్ప నా బుర్రలో ఇంకేమీ నిలవలేదు.

"చూశారా!" అన్నాడు ఓనరు, కళ్ళు తుడుచుకుంటూ. "మన నడవడిక మంచిది కాబట్టే ఇంత తేటగా ఉంది!"

మా వైపు ఎండ కాసిన రోజున ఎవరైనా అనే మాటే అది. అందరూ అవునవునన్నారు. బసకి వచ్చాక ఓనరు గారి భార్య బొమ్మకి ముఖం గియ్యమని నాకు పెన్ను ఇచ్చింది. మర్చిపోయినట్టు నటించి జేబులో పెట్టుకున్నాను.

సోమవారం పొద్దున యంత్రాలు తిప్పేముందు అందరం గుండ్రంగా నిలబడి, వంతు వచ్చినవాళ్ళు రెండు మాటలు చెప్పడం మా షాపు అలవాటు. వంతు నాదే. దీవి నుంచి తెచ్చిన చిలగడదుంప మిఠాయి పెట్టె బల్ల మీద ఉంది. అందరూ రాకెట్ కబుర్ల కోసం చూస్తున్నారు. ఉకాయ్ గారు కూడా అందరికంటే శ్రద్ధగా చూస్తోంది.

"ఆ రోజు ఎండ కాసింది మన నడవడిక వల్ల కాదు," అన్నాను. "బసలో ఏడు పరుపులున్నాయి. ఆరే ఉన్నాయని ఉకాయ్ గారికి నేను అబద్ధం చెప్పాను. అయినా ఆవిడ సొంతంగా దీవికి వచ్చింది. వాన పడితే తన వల్లేననుకుని, మనం చూడాలని, తను చూడకుండా వెళ్ళిపోయింది. రేవులో నేను ఆపలేదు. ఆపాలా వద్దా అని మబ్బు వైపు చూశాను." ఇంకొకటి చెప్పాలనిపించింది, తిరిగొచ్చే రైలులో తట్టిన లెక్క. "మన షికార్లన్నీ జూన్‌లోనే. జూన్‌లో ఈ ఊళ్ళో వాన పడటానికి ఎవరూ రానక్కర్లేదు."

తొకునొ గారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఓనరు నేల వైపు చూశాడు. చెప్పేశాను కదా అని నాకు ఒక్క క్షణం హాయిగా అనిపించింది, సిగ్గు లేకుండా. అప్పుడు ఉకాయ్ గారి వైపు చూశాను. ఆవిడ ముఖం చెవులదాకా ఎర్రబడి ఉంది. ఎవరికీ తెలియకూడదనుకున్నదాన్ని నేను అందరిముందూ విప్పి పరిచాను. నా బరువు దించుకోవడానికి ఆవిడని మళ్ళీ వాడుకున్నాను.

ఆవిడ ఒక అడుగు ముందుకేసి నడుము విరిగేలా వంగింది. "చెప్పకుండా వచ్చినందుకు క్షమించండి. నా వల్ల మీ అందరికీ ఒకరోజు ఆలస్యమైంది."



మిఠాయి పెట్టె ఎవరూ విప్పలేదు. చివరికి ఆవిడే విప్పి, ఒక్కొక్కరి బల్ల మీదా ఒక్కొక్కటి పెట్టి, తన చోటికి వెళ్ళి దీపం వేసుకుంది. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. రాకెట్ లేచిన వేళకి ఎక్కడున్నారని అడిగాను.

"రైల్లోనండి. సొరంగంలో." రాయి తుడుచుకుంటూ చెప్పింది. "ఆ రాత్రి కగోషిమాలోనే ఉన్నాను. ఇంకాస్త ఆగితే అక్కణ్ణించి కనిపించేదేమో. కానీ అదీ దగ్గరేమోనని పొద్దున్నే రైలెక్కేశాను."

"వచ్చే ఏడు ఇంకో రాకెట్ ఉంది. మన ఉంగరాలే. మీరు రావాలి. మొదట మీ పేరే రాస్తాను."

ఆవిడ చేతిలో ఉంగరం తిప్పి, చిటికెనవేలి గోటితో ఒక చుట్టు తడిమింది. తర్వాత తలెత్తి, ఎత్తిపొడుపు ఏమాత్రమూ లేకుండా, నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"వస్తాను. ఎంత దూరంలో ఉంటే మీకు ఇబ్బంది ఉండదంటారు?"