తూకం వేసిన పులుసు

తూచే ఇంట్లో మెతుకు ముట్టకూడదు. మద్రాసులో ఎమ్మెస్సీ చదివేటప్పుడు, పోషకాహార పరిశోధన ఎలా చెయ్యాలో నేర్పే క్లాసులో మా ప్రొఫెసరమ్మ బల్ల గుద్ది మరీ చెప్పిన మాట ఇది. పొయ్యి మీదకి పోయే ప్రతి వస్తువూ పచ్చిగా ఉండగానే తూచాలి, ఎంతమంది తిన్నారో రాయాలి. ఇంటికి ఏడు రోజులు. మన నోరు మాత్రం కట్టేసుకోవాలి.

1964 ఏప్రిల్‌లో మైపాడు పెంచలమ్మది నా ఇరవయ్యో ఇల్లు, ఆఖరిది. అది పూర్తయితేనే థీసిస్. జూన్‌లో ఇవ్వకపోతే ఒక సంవత్సరం గంగలో కలిసినట్టే. పెంచలమ్మ, వేటకెళ్ళే మొగుడు వెంకయ్య, అత్త, ఇద్దరు పిల్లలు, మొత్తం ఐదుగురు. రోజూ నెల్లూరు నుంచి మొదటి బస్సులో వచ్చి ఆమె పొయ్యి ముందు త్రాసు పెట్టుకుని కూర్చునేదాన్ని.

మొదటి రోజే నా ఖర్మ కాలింది. ఆమె కవళ్ళ చేపల పులుసులో పచ్చిమామిడి ముక్కలు వేసి, దించే ముందు మెంతిపొడి చల్లింది. అచ్చం మా అమ్మ చేసినట్టే! అమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు. నేను పరీక్ష రాసి రైలెక్కి వచ్చేసరికి సమాధి కూడా అయిపోయింది. అప్పట్నుంచీ అన్నీ హాస్టలు కూళ్ళే. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ పిల్లల కంచాలకేసి పిల్లిలా చూశాను.

"రెండు ముద్దలు తిను పాపా" అంది పెంచలమ్మ.

"ఆకలి లేదక్కా" అన్నాను. మర్నాడు కడుపునొప్పి అన్నాను. ఆ మర్నాడు ఉపవాసం అన్నాను. ఆరో రోజు వంటయ్యాక, ఆమె కుండ మీద మూత పెట్టి నాకు అడ్డంగా నిలబడింది.

"చాల్లేమ్మే! మేం చేపలోళ్ళమనేగా నీకు? మా కూడు తినేదానికి పనికిరాదు గానీ తూచేదానికి పనికొస్తాదా?"

నాకు తిక్క రేగింది. "మమ్మల్ని గడప ఎక్కనివ్వని వాళ్ళని చిన్నప్పట్నుంచీ చూసినదాన్ని, నేనా ఆ పని చేసేది! నేను తింటే లెక్క చెడిపోతుందక్కా, నా చదువు పోతుంది!" అని అరిచాను.

"ఏం చెడిపోయేది? నువ్వొచ్చిన కాడ్నించీ నీ వంతుకి దోసెడు బియ్యం జాస్తి ఏస్తానే ఉండా. రెండు చేపలు గూడా. గడప తొక్కిన మనిషికి వండకుండా పొయ్యి ముట్టిస్తామా? నువ్వు తినకపోతివి, రోజూ పక్కింటి ముసిలామెకి ఇచ్చొస్తా ఉండా."

ఆరు రోజులుగా ఆరుగురి వంట తూచి, ఐదుగురు తిన్నారని రాశాను. తినకుండా కాపాడుకున్న లెక్క తినకపోవడం వల్లే చెడింది. త్రాసు పక్కకి నెట్టేశాను.

"పెట్టక్కా" అన్నాను.

మొదటి ముద్దకే ఏడుపు తన్నుకొచ్చింది.

"కారమా పాపా?"

"కాదక్కా. మా అమ్మ చేసినట్టే ఉంది."

"ముందే చెప్పకూడదా, పిచ్చిదానా" అంటూ ఆమె ఇంకో గరిటె పోసింది. మూడుసార్లు పెట్టించుకున్నాను.

ప్రొఫెసరమ్మకి జరిగింది జరిగినట్టు రాశాను. ఆ ఇల్లు లెక్కలోంచి కొట్టేసి ఇంకోటి చూసుకోమని కార్డు వచ్చింది. వీధి చివర ఇంకో ఇల్లు దొరికింది. నా వంతు వెయ్యొద్దని వాళ్ళకి ముందే దణ్ణం పెట్టి చెప్పాను. కొట్టేసిన ఇంట్లో తినకూడదని ఏ రూలూ లేదు కదా! ఏడు రోజులూ అక్కడ తూచి, ఇక్కడ తిన్నాను. థీసిస్ జూన్‌కి అందింది.

వెళ్ళేరోజు, "పులుసు ఎట్లా చేస్తావో చెప్పక్కా" అని అడిగాను.

"ఆర్రోజులు తూచినావు గదమ్మే, ఇంకేం చెప్పేది!" అని నవ్వింది.

నిజమే. కొట్టేసిన ఆ కాగితాలు నేను పారెయ్యలేదు. చింతపండు, ఉప్పు, కారం, మామిడి, అన్నీ గ్రాముల్లో ఉన్నాయి. ఉద్యోగం వచ్చి సొంత పొయ్యి పెట్టుకున్నాక, అవి ముందేసుకుని ఎన్నిసార్లు వండానో. తిన్నవాళ్ళు వేళ్ళు నాకారు. నేను మాత్రం ప్రతిసారీ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, ఆ రోజులాగా ఏడుపొస్తుందేమోనని చూస్తాను. రాదు. ఏం తక్కువేశానే అమ్మా, చెప్పవే.