హిబాక్ జబ్బలో పుల్ల

ఏడెన్ రేవు దగ్గర మా ఓడకు అడ్డంగా తిమింగలం పడుకుంటే, సలాము చెప్పి పక్కకు జరిపించినవాణ్ణి నేను. నమ్మకపోతే మీ ఇష్టం. అలాంటి నా నోటికి కార్డిఫ్‌లో మా తమ్ముడి కూతురు హిబాక్ కళ్లెం వేసింది.

పురుడు పోసుకున్న మర్నాడు ఆసుపత్రివాళ్లెవరో వచ్చి ఇంగ్లీషులో గడగడా ఏదో అడిగితే, హిబాక్ నిద్రమత్తులో తలూపింది. జబ్బ చర్మం కింద అగ్గిపుల్లంత పుల్ల పెట్టి పోయారు. మూడేళ్లు కడుపు రాదట. నలభై రోజులు వెళ్లాయి, ఆడవాళ్లు సాంబ్రాణి వేసి పాటలూ పాడారు, నెత్తురు మాత్రం ఆగలేదు. ఆ మైలతో నమాజు చేయవచ్చో లేదో తేలక నమాజు చాప చుట్టి గోడకు ఆనించింది. రంజాన్ దగ్గరపడుతోంది.

ఇంగ్లీషు తెలిసినవాణ్ణని నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది.

"తీసెయ్యమను పెదనాన్నా. ఉన్నదున్నట్టు చెప్పు. తిమింగలాన్ని తేకు."

చెప్పాను. నర్సు పెదవి విరిచింది. "ఆరు నెలలు ఆగితే సర్దుకుంటుంది. తీస్తే ఏడాది తిరక్కుండా మళ్లీ కడుపే. మీవాళ్లకు పిల్లలెక్కువ కదా!"

నాకు తల కొట్టేసినట్టయింది. "పాప ముద్దుగా ఉందంటోందమ్మా" అన్నాను.

"అంత పొడుగు మాటకు ఇంత పొట్టి ముద్దా? అసలుది చెప్పు."

చెప్పాను. హిబాక్ మొహం ఎర్రబడింది కానీ గొంతు పెంచలేదు.

"నాకూ ఇప్పుడే ఇంకో బిడ్డ వద్దు. దీనికి రెండేళ్లు పాలివ్వాలి. ఏమేం దారులున్నాయో ఆవిడ చెప్పాలి, నేను ఎంచుకోవాలి. ముందు ఇది తియ్యాలి. ఇలాగే చెప్పు."

అలాగే చెప్పాను. ఈరోజు కుదరదంది నర్సు.

ఈసారి నా కోసం ఆగలేదు పిల్ల. చొక్కా చెయ్యి పైకి మడిచి, వచ్చీరాని ఇంగ్లీషులో తనే అంది: "నా చెయ్యి. తియ్యి. నేను కూర్చుంటా."

కూర్చుంది. పాపకు పాలిచ్చింది, పడుకోబెట్టింది, మళ్లీ ఇచ్చింది. ఒకసారి నేను గొంతు సవరించబోతే నావంక చూసిన చూపుకు ఆ సవరింపు కూడా మానేశాను. చీకటి పడేవేళకు ఓ డాక్టరమ్మ వచ్చి లోపలికి రమ్మంది. ఫోనులో మా భాష తెలిసిన ఆడమనిషిని దుబాసీగా పెట్టి, నన్ను బయటికి పంపింది.

చాలాసేపటికి హిబాక్ జబ్బకు కట్టుతో బయటికొచ్చింది.

"తీశారా?"

"తీశారు."

"మరి దాని బదులు ఏది ఎంచుకున్నావమ్మా?"

"అది ఆవిడకూ నాకూ మధ్య మాట పెదనాన్నా. బస్సొస్తోంది, పాపనెత్తుకో."