పాలకొండ రోడ్డులో పాడ్ థాయ్

రాజాంలో పాలకొండ రోడ్డు మీద హరిబాబు, తులసి నూడిల్స్ బండి పెట్టి మూడేళ్ళయింది. తులసి అతనికి మేనమామ కూతురు. పెళ్ళికి ముందు బావా అని పిలిచేది, పెళ్ళయ్యాకా అదే పిలుపు. ఈమధ్య బండికి కొత్త ఫ్లెక్సీ కట్టించారు. మంచి నూడిల్స్ బొమ్మ ఏదో ఒకటి వెయ్యమని తులసి చెబితే, షాపతను కంప్యూటర్లో వెతికి రొయ్యలూ నిమ్మచెక్కా ఉన్న ప్లేటు బొమ్మ వేశాడు. దాని కిందున్న పేరు కూడా తెలుగులో పెద్దక్షరాలతో అచ్చేశాడు: పాడ్ థాయ్. అదేమిటో ఆ ముగ్గురిలో ఒక్కరికీ తెలియదు.

వారం తిరక్కుండా ఒకావిడ స్కూటీ ఆపి, ఒక ప్లేటు పాడ్ థాయ్ కావాలంది. పేరు అనూరాధ, డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతుంది.

"ఉన్నాదండి మేడమ్, కూకోండి," అన్నాడు హరిబాబు తడుముకోకుండా. రోజూ చేసే నూడిల్సే చేసి, పైన నిమ్మచెక్క పెట్టి ఇచ్చాడు.

అనూరాధ ఒకసారి నోట్లో పెట్టుకుంది. ప్లేటు వైపు చూసింది, ఫ్లెక్సీ వైపు చూసింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళలో నీళ్ళొచ్చాయి.

"నేను బ్యాంకాక్‌లో పది రోజులుండి వచ్చాను బాబూ. రోజూ అదే తిన్నాను. ఇది అది కాదు."

హరిబాబు గరిటె కిందపడేశాడు. తులసి ముందుకొచ్చింది. "తప్పయిపోనాది మేడమ్. అదేటో మాకు తెల్దు. మీరు తిన్నారు కదా, దాన్లో ఏటేటి ఏస్తారో సెప్పండి."

అనూరాధ వేళ్ళు మడిచింది. బియ్యప్పిండితో చేసిన నూడిల్స్, చింతపండు రసం, తాటిబెల్లం, ఎండురొయ్యలు, గుడ్డు, పెసల మొలకలు, వేయించిన వేరుశెనగ్గుళ్ళు.

"ఓలమ్మా! అన్నీ మనింట్లోవే కదేటి!" అంది తులసి.

"నూడిల్స్ మాత్రం చైనా వాళ్ళతో వచ్చాయి. ఎనభై ఏళ్ళ కిందట, సయాం పేరు మార్చి థాయ్‌లాండ్ అన్న రోజుల్లో, మనదని చెప్పుకోడానికి ఒక వంట ఉండాలనుకున్నారట. ప్రభుత్వమే జనాన్ని నూడిల్స్ తినమంది, బండ్లు పెట్టి అమ్ముకోమంది. చింతపండూ తాటిబెల్లమూ పడేసరికి అది వాళ్ళదైపోయింది."

"గవర్మెంటే బండెట్టుకోమన్నాదా!" హరిబాబు గుండెల మీద చెయ్యేసుకున్నాడు. "ఇక్కడ నెలకోపాలి వచ్చి బండి తియ్యరా తియ్యరా అంటారండి."

ఒక్కటే తక్కువ. ఉప్పులో ఊరిన చేపల నుంచి దిగే రసం. అది లేకపోతే ఆ రుచి రాదంది అనూరాధ.

ఆ రసం తెచ్చే పని జగ్గమ్మకి చెప్పారు. జగ్గమ్మ కళింగపట్నం దగ్గర బెస్త ఊరిది, వారం వారం ఎండుచేపల గంప పట్టుకుని రాజాం వస్తుంది. "నెత్తళ్ళు ఉప్పేస్తే జాడీ అడుగున దిగుతాది, అదే కదా? మేం పారబోస్తాం. అది మీకు దేన్లోకే?"

"పాడ్ థాయ్‌లోకి అత్తా."

"పాడతాయా? ఏటి పాడతాయి? సేపలా?"

తులసికి నవ్వాగక ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

ఆదివారం పొద్దున్నే తులసి నూడిల్స్ మొదలెట్టింది. జంతికల గొట్టంలో పిండి వేసి నొక్కితే రాలేదు. హరిబాబు బలమంతా పెట్టి నొక్కాడు. గొట్టం అడుగు ఊడి, పిండి ముద్ద ఎగిరి గోడ క్యాలెండర్‌కి అతుక్కుంది. రెండోసారి తులసి పద్ధతి మార్చింది. బియ్యప్పిండి పల్చగా కలిపి, పళ్ళేల్లో పోసి ఆవిరి పట్టించి, చల్లారాక కత్తితో సన్నగా కోసింది. రిబ్బన్లలా వచ్చాయి. ఒకటి మెళ్ళో వేసుకుని ఇల్లంతా తిరిగింది.

అంతలో జగ్గమ్మ ఆ రసం నింపిన నీళ్ళ సీసాతో దిగింది. దాని మూత సరిగ్గా పట్టలేదు.

"సగం దూరం రాకుండానే బస్సులో నా సుట్టూ సీట్లన్నీ కాళీ అయిపోనాయే. మారాణిలాగ ఒక్కదాన్నే వచ్చినాను!"

ఆ రసం వడగట్టి మరిగిస్తుంటే వీధిలో నాలుగు కిటికీలు మూసుకున్నాయి. కానీ మూకుడులో చింతపండూ బెల్లమూ దాంతో కలిసి సుర్రుమనగానే, అవే కిటికీలు తెరుచుకున్నాయి. మొదటి ప్లేటు, రుచి చూడ్డానికి వచ్చిన అనూరాధకి పెట్టి ముగ్గురూ ఆమె నోటికేసి చూస్తూ నిలబడ్డారు. ఆమె నమిలింది, కళ్ళు మూసుకుంది, ఇంకోసారి తింది. లేచి తులసిని వాటేసుకుంది.

జగ్గమ్మ కూడా రుచి చూసింది. "మా ఎండురొయ్యల పులుసుని కాలేజీలో సదివించినట్టున్నాది," అంది.

సాయంత్రం బండి దగ్గర హాస్టల్ పిల్లలు మూగారు. జగ్గమ్మ పక్కనే నిలబడి, "రండి, పాడతాయి తినండి!" అని సంతలో అరిచినట్టు అరిచింది. ఆ మాట వాళ్ళు పట్టేసుకున్నారు. "అన్నా, రెండు పాడతాయి! ఒకటి కారం ఎక్కువ!" ఎవడో నిజంగానే పాట ఎత్తుకుంటే, హరిబాబు మూకుడు మీద గరిటెతో తాళం వేశాడు. గుడ్లు కొట్టే తీరిక తులసికి లేకపోతే అనూరాధ చున్నీ నడుముకి బిగించి తనే దిగింది. క్లాసులో గట్టిగా తుమ్మితేనే ఊరుకోని మేడమ్ గుడ్డు పెంకుతో సహా మూకుట్లో పడేస్తే, ఆమె స్టూడెంట్లు ఈలలు వేసి చప్పట్లు కొట్టారు. "అటెండెన్స్ ఇవ్వను!" అని ఆమె గరిటె చూపించి బెదిరించింది, తర్వాత తనే అందరికంటే గట్టిగా నవ్వింది.

చీకటి పడకముందే నూడిల్స్ అయిపోయాయి. ఇంకా పది మంది నిలబడే ఉన్నారు. రేపు రమ్మని తులసి చేతులు జోడించింది. మూకుడు అంచున అంటుకున్న నాలుగు పోగులు గీకి, మొగుడూ పెళ్ళాం ఒకే ప్లేటులో తిన్నారు.

"బావా, ఇంత బాగుంటాదని నాకు తెల్దు."

"నాకూ తెల్దే. పద, బియ్యం నానెయ్యాల."

"ఎంత?"

హరిబాబు రెండు చేతులూ బార్లా చాపి చూపించాడు.