నాయన పేరు

కార్గిల్ యుద్ధంలో జయరాముడు పోయిన మరుసటి ఏడాది, ఊరి ముందర అతనికి రాయి నిలబెట్టాలనుకున్నారు. ఏం చెక్కాలో కన్నవాళ్ళే సోమవారానికల్లా చెప్పాలని కళ్యాణదుర్గంలో రాళ్ళు చెక్కే సుంకప్ప కబురు పంపాడు. జయరాముడి నాయన ఆదెప్ప మామ అది చెప్పకుండా నా దగ్గరికి వచ్చాడు.

"పాతకాలంలో యుద్ధాల్లో సచ్చినోళ్ళకు ఏం రాసినారో సూసొద్దాం రా దివాకరా" అన్నాడు నాతో.

జయరాముడూ నేనూ ఒకే బెంచీలో చదువుకున్నాం. కాదనలేక మామను వెనక కూర్చోబెట్టుకుని కంబదూరు నుంచి బెళుగుప్ప వైపు సైకిలు తొక్కాను. మే నెల ఎండ, పైగా ఎదురుగాలి. దారిలో రెండు వీరగల్లులు, అంటే పాతకాలపు వీరుల రాళ్ళు, చూశాం. ఒకదాని మీద కత్తి పట్టిన మనిషే తప్ప అక్షరం లేదు. రెండోదానికి ఎద్దును కట్టేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మూడోది చేని గట్టున ఉంది. ఒక ముసలామె దానికి కుంకుమ పెడుతోంది.

"ఈయన పేరేందమ్మా?" అన్నాడు మామ.

"వీరప్ప."

"అది అందరికీ అనేదే. వాళ్ళమ్మా నాయనా పెట్టిన పేరు?"

"ఎవురికెరుకప్పా! యుద్ధం ఈడనే జరిగినాదంట."

మామ గట్టు మీద కూలబడ్డాడు. నేను విసుక్కున్నాను. "పేరు, ఊరు, తేదీ. దానికింత తిరుగుడేల మామా?"

"ఆ పేరు నా నోట రాదురా."

మాలో తాత పేరు మనవడికి పెడితే, తండ్రి ఆ పేరుతో బిడ్డను పిలవడు. కన్నతండ్రిని పేరు పెట్టి పిలిచినట్టవుతుందని "నాయనా" అంటాడు. జయరాముడికి పెట్టింది మామ వాళ్ళ నాయన పేరే. మేం చింతకాయలు దొంగిలించినప్పుడు మామ కట్టె పట్టుకుని తరుముతూ కూడా "నిలబడు నాయనా" అని అరిచాడు. పరిగెత్తుతూనే పడీపడీ నవ్వుకున్నాం.

"టెలిగ్రాం తెచ్చినాయప్ప వాకిట్లో నిలబడి, జయరాముడు పోయినాడన్నాడు. మా నాయన పోయి ఇరవై ఏండ్లాయె, యాడనో తప్పు పడినాది పో అని నవ్వినాను. మజ్జిగ తాపిచ్చి పంపిచ్చినాను దివాకరా. మాపటిదాకా చేన్లో కలుపు తీసినాను. బిడ్డ సచ్చినాడంటే నవ్వినాను."

నాకు ఏడుపు ఆగలేదు. మామను మళ్ళీ సైకిలెక్కించుకుని ఊరికి తిరిగొచ్చాను.

సోమవారం సుంకప్ప దగ్గర నేనే చెప్పబోతే మామ చేయి అడ్డం పెట్టాడు.

"జయరాముడు" అన్నాడు.

ఉలి చప్పుడులో సుంకప్పకు వినబడలేదు. "ఎవరన్నా?"

"జయరాముడు" అని గట్టిగా అరిచాడు మామ. "మా నాయన కాదప్పా. నా కొడుకు."