గోడ కూలిన సందు

మ్యూన్‌స్టర్‌లో ఆ సందు ఒక్క బండికే ఇరుకు. అలాంటి సందులో ఆ పూట రెండు రాయబారుల బండ్లు ఎదురుపడ్డాయి. ముప్పై ఏళ్ల యుద్ధాన్ని ఆపడానికని ఊరినిండా రాయబారులే దిగారు మరి! అవతలాయన సంధిపత్రం మీద సంతకం పెట్టేసి వస్తున్నాడు, బారన్ హాల్డెన్ పెట్టడానికి వెళ్తున్నాడు. మధ్యాహ్నం చర్చి గంట కొట్టేలోపు ఆ సంతకం పడకపోతే పక్కనున్న లిండ్‌బుర్గ్ మీద ఫిరంగులు మళ్ళీ మొదలవుతాయి. బారన్ గారి కార్యదర్శి జోబ్స్ట్ అక్క గేసా, పిల్లలతో ఆ ఊళ్ళోనే ఉంది.

"దొరగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, బండి వెనక్కి తిప్పించండి. మా అక్క అక్కడుంది."

బారన్ మొహం నిజంగానే వాడిపోయింది. "ఎలాగయ్యా? చిన్న రాజ్యమైనా పెద్ద రాజ్యంతో సమానమే, బండి చక్రం వెనక్కి దొర్లితే దేశం దొర్లినట్టేనని నాకు నూరిపోసింది నువ్వే కదా!"

"పోనీ, దిగి నడుద్దాం."

"వాళ్ళ గుర్రాల పక్కనుంచి నక్కినక్కి పొమ్మంటావా? అదీ కూడదన్నావు."

ఆ మాటలు చెప్పిన రోజున జోబ్స్ట్ ఎంత మురిసిపోయాడని!

చివరికి, బీరు కాచే టోనీస్ పెరటిగోడ కూల్చి రెండు బండ్లనూ పక్కపక్కనే దాటించాలని తేల్చారు.

"మీ పరువు మండిపోనూ! మధ్యలో నా గోడేం పాపం చేసిందిరా?" అని టోనీస్ లబోదిబోమన్నాడు.

ఒక్కో రాయీ తీస్తుంటే జోబ్స్ట్ ప్రాణం గిలగిల్లాడింది. ఇక ఆగలేక కిందికి దూకి, గుర్రం కళ్ళెం పట్టుకుని వెనక్కి తోశాడు. గుర్రం ఒక అడుగు వేసింది కూడా.

అవతలి బండివాడు ఈల వేశాడు. "అదిగో, తోక ముడిచారు! చూడండర్రా!"

జోబ్స్ట్ ఒళ్ళు భగ్గుమంది. "ఎవడ్రా తోక ముడిచింది?" అంటూ గుర్రాన్ని మళ్ళీ ముందుకు లాగి, కదలకుండా నిలబడ్డాడు.

గోడ పడింది. రెండు బండ్లూ సరిసమానంగా దాటాయి. రెండు పక్షాలవాళ్ళూ చప్పట్లు కొడుతుండగానే చర్చి గంట మోగింది. కాసేపటికి తూర్పున ఫిరంగి పేలింది.

బారన్ తాను రాయబారినన్న సంగతే మరిచి బురదలోకి దిగొచ్చి, జోబ్స్ట్ భుజం మీద చెయ్యి వేశాడు.

"తిప్పేసేవాణ్ణే దొరగారూ," అన్నాడు జోబ్స్ట్, ఏడుస్తూ. "అక్కకంటే నాకు ఆ ఈలే ఎక్కువైపోయింది."