అమ్మ సాక్ష్యానికి తర్జుమా

షెకైనా ఎం.ఏ.లో తత్వశాస్త్రం తీసుకుందని తెలిసినప్పుడు బళ్ళారి దగ్గరి కప్పగల్లు చర్చి సంఘంలో సగంమంది అది బైరాగులు తత్వాలు పాడే చదువనుకున్నారు. తల్లి కృపమణి పేచీ వేరే. కూతురు పరీక్షకు గట్టిగా చదువుకుంటుంటే ఆమె చెవిన 'అనుమానం' అన్న ఒకే మాట పదేపదే పడింది.

"ఏందిమ్మే, మీ యూనివర్సిటీలో అనుమానానికి గూడా మార్కులేస్తారా?"

"అది ఆ అనుమానం కాదుమా. కనపడేదాన్ని పట్టుకోని కనపడనిదాన్ని తెలుసుకునేది. పొగ సూసి నిప్పుండాదని అనుకోమా?"

"మన పొయ్యికాడికి రా. పొగ తప్ప నిప్పు యాడుండాదో సూపీ!"

అప్పట్లో ఇద్దరూ అలా నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్వు పోయి నాలుగు నెలలైంది.

కృపమణికి ఎనిమిదేళ్ళుగా చక్కెర జబ్బు. అరికాళ్ళు భగభగ మండిపోయేవి. తడిగుడ్డ పరుచుకుని దాని మీద పాదాలు పెట్టుకు కూర్చునేది పాపం. ఉపవాస ప్రార్థనలు మూడు వారాలు జరిగాక ఆ మంట తగ్గింది, తగ్గి తగ్గి పూర్తిగా పోయింది. అంతే, మాత్రలన్నీ మూటగట్టి చెత్తలో పారేసింది. "ఆయన ముట్టినాక మల్లా మాత్ర మింగితే నమ్మనట్టే గదా" అంది. షెకైనా బతిమాలింది, అరిచింది, రెండు పూటలు అన్నం మానేసింది. తండ్రి హనోకు దోణిమలై గనిలో షిఫ్టు మీదుండి ఫోన్లోనే చేతులెత్తేశాడు. బలవంతాన రక్తం పరీక్ష చేయిస్తే చక్కెర మూడు వందల ఎనభై వచ్చింది.

"మిషను అబద్ధం చెప్పిందేమో. నా కాలు అబద్ధం చెప్పదు" అంది కృపమణి. ఇంక ఏం మాట్లాడతారు!

పాస్టర్ యేసుబాబు, దేవుడు నయం చేశాడని వచ్చే ఆదివారం గుళ్ళో సాక్ష్యం చెప్పమని ఆమెను అడిగాడు. ఆ గుళ్ళో తెలుగులో చెప్పిన ప్రతి మాటనూ పక్కనే నిలబడి ఎవరో ఒకరు కన్నడంలోకి తర్జుమా చేయాలి. నిజానికి అక్కడ దాదాపు అందరికీ రెండు భాషలూ వచ్చు. అయినా దేవుడి మాట ఎవరి భాషలో వాళ్ళు వినాలని పెద్దలు పెట్టిన పద్ధతి. పీయూసీ, అంటే ఇంటర్, చదివే రోజుల నుంచి ఆ తర్జుమా పని షెకైనాదే.

తెలుగు ముక్క రానిది ఒక్క రుద్రమ్మకే. కూడ్లిగి వైపు నుంచి కూలికి వచ్చి ఇక్కడే స్థిరపడింది. ఆమెదీ చక్కెర జబ్బే, ఒక కాలివేలు తీసేశారు. గురువారం దారిలో షెకైనాను ఆపి, మీ అమ్మ మాత్రలు మానేసిందట కదా, నేనూ మానేద్దునా అని కన్నడంలో అడిగింది. వద్దు వద్దంటే, "ఆదివారం ఆమె సాక్ష్యంలోనే వింటానులే" అని వెళ్ళిపోయింది.

మర్నాడు తరగతిలో పద్మనాభ సార్ నీతిశాస్త్రం పేపర్లు తిరిగిచ్చారు. ప్రాణం కాపాడటానికి అబద్ధం చెప్పవచ్చా అన్న ప్రశ్నకు ఆరు పేజీలు రాసి, ఎట్టి పరిస్థితిలోనూ కూడదని తేల్చిపారేసిన షెకైనాకే అందరికన్నా ఎక్కువ మార్కులు. ఆ కాగితాన్ని ఎవరికీ చూపించకుండా మడిచి సంచిలో కుక్కేసింది. రుద్రమ్మ మాట గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆదివారం వచ్చేసింది. కృపమణి ఇస్త్రీ చీర కట్టుకుని మైకు ముందు నిలబడింది. రుద్రమ్మ మొదటి వరసలోనే కూర్చుంది.

"ఎనిమిదేండ్లు మండిన నా కాలును ప్రభువు ముట్టినాడు" అంది కృపమణి. షెకైనా కన్నడంలో చెప్పింది.

"ఈ పొద్దు మంట లేదు, నొప్పి లేదు." అదీ చెప్పింది.

"మాత్రలన్నీ పారేసినా. నాలుగు నెల్లాయె, ఒక్కటీ మింగలేదు."

అమ్మ కళ్ళనీళ్ళలో, పారవశ్యంలో ఉంది, నా కన్నడం ఎక్కడ వింటుందిలే అనుకుంది షెకైనా. పిచ్చిపిల్ల! బళ్ళారి మార్కెట్లో పదేళ్ళు కూరగాయలమ్మిన మనిషి చెవి అది. అమ్మ మాత్రలు మానలేదనీ, డాక్టరు చెప్పినట్టు రోజూ మింగుతోందనీ, దేవుడు ఆ మాత్రల ద్వారానే బాగుచేస్తున్నాడనీ షెకైనా కన్నడంలో గబగబా చెప్పేసింది.

గుళ్ళో ఒక్కరూ ఆమెన్ అనలేదు. కృపమణి మెల్లగా కూతురి వైపు తిరిగింది. ఆమె చేతిలోంచి మైకు లాక్కుంది.

"సుళ్ళు" అంది. అబద్ధమని. ఆ పైన తనకొచ్చిన మార్కెట్ కన్నడంలో తానే మొదలుపెట్టింది. అందులో ప్రభువు ముట్టడాలు, మహిమలు చెప్పేంత మాటలు ఆమెకు లేవు. ఉన్నవాటితోనే చెప్పింది. "మాత్రె బిట్టీని. కాలు ఉరి ఇల్ల. నోవిల్ల. ఏనూ గొత్తాగల్ల." మాత్రలు మానేశాను, మంట లేదు, నొప్పి లేదు, ఏమీ తెలియదు.

రుద్రమ్మ చటుక్కున లేచింది. "ఏనూ గొత్తాగల్లా? ముట్టిదరూ గొత్తాగల్లా?" ముట్టుకున్నా తెలియదా అని అడుగుతూనే ముందుకు వచ్చి కృపమణి కాళ్ళ దగ్గర కూర్చుంది. తన వేలు పోకముందు తనకూ సరిగ్గా ఇలాగే మంటలు ఆగాయనీ, హాయిగా ఉందని పొంగిపోయాననీ చెబుతూ ఆమె పాదాన్ని పైకెత్తి అరికాలు చూసింది.

మడమ దగ్గర తుమ్మముల్లు దిగి ఉంది. చుట్టూ నల్లగా రక్తం గడ్డకట్టింది. రుద్రమ్మ గోళ్ళతో పట్టి లాగితే చిటికెనవేలంత ముల్లు ఊడివచ్చింది. కృపమణి ముఖంలో ఒక్క గీత కూడా కదలలేదు. ఆ ముల్లును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది నా కాల్లో ఉండెనా?" అంది.

యేసుబాబు పాట ఎత్తుకోబోయి ఆగిపోయాడు. షెకైనా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. రక్తపరీక్షలూ, పుస్తకాలూ పట్టుకుని నాలుగు నెలలు తల్లితో పోట్లాడిందే గాని, ఆ పాదాన్ని ఒక్కసారి తాకి చూడాలని తనకు తోచలేదు.

ఆసుపత్రికి వెళ్ళే ఆటోలో కృపమణి బయటికే చూస్తూ కూర్చుంది. కాలికి రుద్రమ్మ కట్టిన గుడ్డ తడిసిపోతోంది.

"మాత్రలు మింగుతాలే, ఏడ్సాకు" అంది.

షెకైనా తల్లి చేతిని పట్టుకోబోయింది. కృపమణి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నా కాలు నన్ను మోసం చేసినాది. దానికి తెలీదు, పాపం. నీకు తెలుసు గదమ్మా. తెలిసీ నేనననిది అన్నానని చెప్తివి, అంతమందిలో" అంది. "ఇంగ నా పక్కన నిలబడి నువ్వు తర్జుమా సెయ్యొద్దు."