చైనా గొడుగు

పొద్దున్నే గుంట మగ్గంలోకి కాళ్లు దించడం, నాడె విసరడం, పది దాటాక ఎండకు పోగులు పుటుక్కుమంటుంటే ముడేసుకుంటూ తిట్టుకోవడం. మైదుకూరు పక్క పల్లెలో మద్దయ్యకు రోజూ ఇదే పని. అది 2003, వరసగా మూడో కరువేడు. మర చీరలొచ్చి ఆయన చీరను అడిగేవాళ్లే లేరు. మిగిలింది ఒక్క ఆశ. బెంగళూరు వ్యాపారి జపానుకు పంపాలని పది గజాల మచ్చు గుడ్డ అడిగాడు. ముడి కనబడితే బేరం లేదు. బేరం పోతే నాపరాళ్ల గనికి కూలికి పోవడమే. అందుకని తెచ్చిపెట్టుకున్న, రాళ్లు పెకలించే ఇనప గడారు మూలన కాచుకొని ఉంది.

ఆ వారం రాఘవేంద్రప్రసాద్ శెట్టి అంగడి ముందర ఒకటే నవ్వులు. కరువు సీమకు పెట్టెడు చైనా గొడుగులు తెప్పించాడు మహానుభావుడు!

"ఏం శెట్టీ, మబ్బులు కూడా తెప్పించినావా?" అన్నాడు మద్దయ్య.

"దాంట్లోనే ఉండాదప్పా, ఇప్పి చూడు."

ఇప్పాడు. గొడుగు కింద సన్నగా ముసురు. మద్దయ్య తల తడిసింది.

"చైనాలో వాన పడతాన్నట్టుండాది," అన్నాడు శెట్టి, బెల్లం తూస్తూనే. "గొడుగేసుకుంటే తడుస్తాండామని అందరూ వాపసు తెచ్చిస్తాండారు. నువ్వన్నా ఎత్తుకపో."

ఇంట్లో పెండ్లాం సుంకమ్మ నడుం మీద చేయి పెట్టింది. "వంకాయలు తెమ్మంటే వాన తెస్తివా? సరే, మగ్గం పక్కన కట్టు. కింద గంగాళం పెడతా, ఎనుము తాగేదానికన్నా నీళ్లయితాయి."

కట్టడానికి ఏమీ దొరక్క, గడారునే మగ్గం పక్క మూలలో రెండు గోడలకూ అడ్డమేసి గొడుగు తగిలించాడు. మధ్యాహ్నానికి గుంటలోకి చల్లదనం దిగింది. పడుగు మెత్తబడింది. పది గజాల్లో ఒక్క పోగు తెగితే ఒట్టు!

గుడ్డ పంపిన రెండు నెలలకు వ్యాపారి జాబు రాశాడు. జపానులో ముసురు దినాల్లో ఆ గుడ్డ కప్పుకుంటే ఇంట్లో ఎండ కాస్తోందట, దండెం మీది తడిబట్టలు కూడా ఆరిపోతున్నాయట. ఇంకో మున్నూరు గజాలు కావాలట.

"మన ఎండేలే," అంది సుంకమ్మ. "ఈడ శానా ఉండాది, పోనీ."

మర్నాడు గని మేస్త్రీ గోపన్న గడప దగ్గరికొచ్చాడు. "ఏమప్పా మద్దయ్యా, గడారెత్తుకొని ఎప్పుడొస్తావు?"

మద్దయ్య నాడె ఆపకుండానే గడ్డం పైకెత్తి చూపించాడు.

"యాడ తెచ్చేదన్నా? దానికి ఈడనే పని దొరికింది."

గోపన్న లోపలికొచ్చి పైకి చూశాడు, ముక్కు మీద పడిన చినుకు తుడుచుకున్నాడు, వెళ్లిపోయాడు.